మతిమరుపుకు మూలికా మందు: కొనేముందు ఏం చూడాలి, ఎలా వాడాలి, ఎప్పుడు ఆపాలి

తిరుపతిలో ఏ మూలికల అంగడికి పోయి ‘జ్ఞాపకశక్తికి ఏమైనా ఇవ్వన్నా’ అని అడిగినా నిమిషంలో అయిదారు పొట్లాలు మీ ముందుంటాయి. బ్రాహ్మి చూర్ణం, సరస్వతి ఆకు పొడి, శంఖపుష్పి సిరప్, అశ్వగంధ మాత్రలు, సారస్వతారిష్టం. మెడికల్ షాపులో అడిగితే వీటికి జింకో అనే చెట్టు ఆకు సారంతో చేసిన మాత్రలు కూడా తోడవుతాయి. ఎవరికి, వయసెంత, ఇప్పటికే ఏం మందులు వాడుతున్నారు అని అడిగే అంగడి మాత్రం తక్కువ. కాబట్టి ఆ ప్రశ్నలు మీరే వేసుకోవాలి. కౌంటర్ వెనక నిలబడి రోజూ మందులమ్మే మనిషిని నేను. మా ఇంట్లోవాళ్లకైతే ఏ వరసలో పోతానో అదే చెబుతున్నా.

మొదటి పని: మరుపు ఎందుకొచ్చిందో తేల్చుకోండి

జ్వరం లాగే మతిమరుపు కూడా లక్షణమే, దాని వెనక కారణం వేరే ఉంటుంది. ఆ కారణాల్లో కొన్ని మామూలు రక్తపరీక్షలో దొరికిపోతాయి, మామూలు మందుతో తగ్గిపోతాయి. వాటిని వదిలేసి ఆరు నెలలు బ్రాహ్మి తాగించడం కాలం పోగొట్టుకోవడమే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది విటమిన్ బి12. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లకు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్న షుగర్ పేషెంట్లకు, గ్యాస్ అని రోజూ పొద్దున్నే పాంటాప్రజోల్ మింగేవాళ్లకు ఇది తగ్గే అవకాశం ఎక్కువ. ఈ మూడూ ఒకే మనిషిలో ఉన్న ఇళ్లు మన ఊళ్లో చాలానే ఉన్నాయి. రెండోది థైరాయిడ్. అది మందగిస్తే మనిషితో పాటు ఆలోచన కూడా మందగిస్తుంది. మూడోది సోడియం. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్ర వాడే పెద్దవాళ్లలో ఇది పడిపోతే మాట తికమకగా వస్తుంది. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హిమోగ్లోబిన్ చూపించుకోవాలా అని మీరే అడగండి.

పరీక్షలో కనపడని కారణాలూ ఉన్నాయి. తోడు పోయిన తర్వాత వచ్చే దిగులు బయటికి మరుపులాగే కనిపిస్తుంది. గురక పెట్టి, మధ్యమధ్య ఊపిరి ఆగి, రాత్రంతా సరిగ్గా నిద్రపోని మనిషికి పగలు ఏదీ తలకెక్కదు. చెవుడు సంగతి చాలామందికి తట్టదు. సరిగ్గా వినపడని మాట గుర్తుండమంటే ఎట్ల ఉంటుంది? వినికిడి తగ్గడం, బీపీ, షుగర్, చూపు తగ్గడం, ఒంటరితనం ఇట్లాంటి 14 కారణాలను సరిచేసుకోగలిగితే లోకంలో దాదాపు 45 శాతం డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన రానురాను తగ్గిపోయే జబ్బు) కేసులను ఆపడమో వెనక్కి జరపడమో వీలవుతుందని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ లెక్క చెప్పింది. ఆ 14లో మూలిక లోపం అనేది లేదు.

కొన్ని సందర్భాల్లో మూలిక మాటే ఎత్తకూడదు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈరోజు తికమకగా మాట్లాడితే అది మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం కావచ్చు, అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోవాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. పెద్దాయన బాత్‌రూమ్‌లో జారిపడ్డాడు, తలకు చిన్న దెబ్బే తగిలింది, రెండు మూడు వారాల తర్వాత మబ్బుగా ఉంటున్నాడు అంటే తల లోపల రక్తం చేరిందేమో స్కాన్ తీయాలి. ఇరవై ఏళ్లుగా తిరిగిన దారిలోనే తప్పిపోవడం, డబ్బు లెక్క పదేపదే తప్పడం, శాంతంగా ఉండే మనిషి ఉన్నట్టుండి అనుమానాలు పెంచుకోవడం, ఇవి న్యూరాలజీ డాక్టరు చూడాల్సినవి. తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి ఉంది, రుయా ఆస్పత్రి ఉంది. ఓపీలో కూర్చోవడానికి ఓపిక కావాలి, అంతే.

రెండో పని: ఇంట్లో మందులన్నీ ఒక సంచిలో వేయండి

చంద్రగిరి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ‘అన్నా, మాయమ్మకు మరుపు జాస్తిగా ఉంది, మంచి బ్రాహ్మి ఉంటే ఇవ్వు’ అన్నాడు. ఆమె ఇంకేం మందులు వేసుకుంటుందని అడిగితే ‘బీపీ మాత్ర ఒకటే’ అన్నాడు. సరే, ఇంటికి ఫోన్ చేసి డబ్బాలో ఉన్నవన్నీ చదవమనండి అన్నా. ఆమెకు ఒంటి దురదకని ఎప్పుడో రాసిచ్చిన క్లోర్‌ఫెనిరమిన్ ఇంకా పూటపూటా నడుస్తూనే ఉంది. రాత్రి నిద్రకు అల్ప్రాజోలం. ఆ రెండూ పెద్దవయసులో మెదడును మబ్బు పట్టించే మందులే. బ్రాహ్మి అమ్మకుండా ఆ చీటీలన్నీ తీసుకుని డాక్టరు దగ్గరికి పొమ్మన్నా. బేరం పోయిందని మా కుర్రాడు గొణిగాడు గానీ, ఆయన కొనాల్సింది ఆరోజు మా షాపులో లేదు.

మూత్రం ఆగడం లేదని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, చేతి వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా ఈ కోవలోవే. ఇవి వాడుతున్నారని తెలిస్తే మీ అంతట మీరు ఆపకండి. నిద్రమాత్రయితే హఠాత్తుగా ఆపితే ఫిట్స్ దాకా పోవచ్చు. డాక్టరుకు చూపించి, మార్చడమో మెల్లగా తగ్గించడమో చేయించండి.

సంచిలో ఇంకో రకం మందులు ఉన్నాయేమో కూడా చూడాలి. ఇవి మూలికలతో పోట్లాడే మందులు.

రక్తం పలచబడే మందులు అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అసినోకౌమరాల్ వాడే గుండె పేషెంట్లకు జింకో వద్దు. రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. పళ్లు పీకించుకునేముందు, ఏ ఆపరేషన్‌కైనా ముందు, ఈ మూలికలు వాడుతున్నట్టు డాక్టరుకు నోరు తెరిచి చెప్పాలి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వేసుకునేవాళ్లకు శంఖపుష్పి సిరప్ అసలు పనికిరాదు. ఒంట్లో ఫెనిటాయిన్ మోతాదును అది తగ్గించేస్తుంది, అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు అశ్వగంధ విషయంలో ఆగాలి, థైరాయిడ్ హార్మోన్లను అది పెంచగలదు. నిద్రమాత్రకు అశ్వగంధ తోడైతే మత్తు ఎక్కువవుతుంది. గుండె కొట్టుకోవడం నెమ్మదిగా ఉన్నవాళ్లు, అల్జీమర్స్‌కు డోనెపెజిల్ వాడుతున్నవాళ్లు బ్రాహ్మి మొదలుపెట్టేముందు అడగాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవేవీ సొంతంగా వద్దు.

మూడో పని: ఒక్క మూలికను ఎంచుకోండి, అది ఏ మొక్కో రూఢి చేసుకోండి

‘బ్రాహ్మి’ అని అమ్మేది రెండు వేరువేరు మొక్కల్లో ఏదైనా కావచ్చు. ఆకు చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. సరస్వతి ఆకు గుండ్రంగా, కాడ దగ్గర చిన్న గంటుతో, అంచున మెత్తటి నొక్కులతో ఉంటుంది. నేల మీద పాకే తీగకు ఒక్కో కణుపు దగ్గర పొడవాటి కాడ మీద గొడుగులాగా ఆకు నిలబడుతుంది. పుత్తూరు, నగరి వైపు, తమిళం కలిసిన ఊళ్లలో దీన్నే వల్లారై కీర అంటారు. రెండోది నీటి బ్రాహ్మి. దాని ఆకు చిటికెన వేలి గోరంత, దళసరిగా, కండపట్టి, కాండానికి అటొకటి ఇటొకటి జంటగా ఉంటుంది. ఈనెలు పైకి కనపడవు. పువ్వు తెలుపు, లేదంటే లేత ఊదా. నోట్లో వేసుకుంటే చేదు. ఆయుర్వేద మందుల ప్రమాణాలు రాసిన ఆయుర్వేద ఫార్మకోపియా బ్రాహ్మి అన్నది ఈ రెండోదాన్నే, అంటే బకోపా మొన్నియెరిని. సరస్వతి ఆకుకు అది పెట్టిన పేరు మండూకపర్ణి, శాస్త్రీయ నామం సెంటెల్లా ఏషియాటికా. ఆకు పొడిగా మారాక కంటితో పోల్చుకోలేం కాబట్టి, డబ్బా మీద ఈ శాస్త్రీయ నామం ఉందా లేదా చూడండి. లేకపోతే కొనకండి.

నన్నడిగితే, వీటిలో మనుషుల మీద కాస్త నిలబడే పరీక్షలున్నది బకోపాకే. సాధారణంగా రోజుకు 300 మిల్లీగ్రాముల సారం చొప్పున 12 వారాలు ఇచ్చి చూశారు. విన్నదాన్ని కాసేపటి తర్వాత గుర్తుతెచ్చుకోవడంలో కొంత మెరుగు కనిపించింది. అయితే ఆ పరీక్షలు చిన్నవి. పాల్గొన్నవాళ్లు ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. డిమెన్షియాను ఆపుతుందని ఎవరూ నిరూపించలేదు. సరస్వతి ఆకుకు జ్ఞాపకశక్తి విషయంలో రుజువు ఇంకా పలచన. కూరగా తినండి, మందుగా ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

జింకో కథ వేరు. దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. అమెరికాలో 75 ఏళ్లు, ఆపైన వయసున్న 3,069 మందికి, కొందరికి జింకో 120 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు ఆరేళ్లు గమనించారు. డిమెన్షియా రావడంలో తేడా ఏమీ కనపడలేదు. 2008లో ఫలితం అచ్చయింది. అయినా డబ్బా మీద మెదడు బొమ్మ వేసి అమ్ముతూనే ఉన్నారు.

అశ్వగంధ ఒత్తిడికి, నిద్రకు కొంత పనిచేస్తుందని అంటారు. జ్ఞాపకశక్తికని ప్రత్యేకంగా కొనాల్సిన పనిలేదు. కాలేయం దెబ్బతిన్న కేసులు అక్కడక్కడా వచ్చాయి కాబట్టి, వాడేటప్పుడు కళ్లు పచ్చబడినా మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపేసి లివర్ పరీక్ష చేయించండి. శంఖపుష్పి అనే పేరుతోనూ ఒకటికి మించి మొక్కలు అమ్ముతారు, విష్ణుక్రాంతం కూడా అందులోనే కలిసిపోతుంది.

వస కొమ్ము గురించి ఒక మాట. పిల్లలకు మాటలు బాగా రావాలని వస అరగదీసి నాలుకకు రాయడం మన ఇళ్లలో పాత అలవాటు. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. ఎలుకల్లో అది క్యాన్సర్ తెచ్చిందని 1968లోనే అమెరికాలో తిండి పదార్థాల్లో వసను నిషేధించారు. అమ్మమ్మతో గొడవ పెట్టుకోమనడం లేదు, పసిబిడ్డ నాలుక మీద మాత్రం వద్దు. పెద్దవాళ్లయినా వైద్యుడు శుద్ధి చేసిన వసతో తయారుచేసి ఇస్తేనే తీసుకోవాలి.

నాలుగో పని: సీసా తిప్పి చదవండి

ఆయుర్వేద మందయితే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, ఒక్కో దినుసు ఎంత ఉందో ఆ పరిమాణం ఉండాలి. ఫుడ్ సప్లిమెంట్‌గా అమ్మేదయితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు ఉంటుంది. అది తిండి కిందికి వచ్చే సరుకు, జబ్బు నయం చేస్తుందని చెప్పుకునే హక్కు దానికి లేదు. ‘వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలి’ అన్న హెచ్చరిక కనిపిస్తే అందులో చట్టం విషపదార్థాల కింద రాసిన దినుసు ఏదో ఉందన్నమాట. దాన్ని సొంతంగా కొని తాగకండి. ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ (కంపెనీ సొంత మిశ్రమం) అని పదిహేను మూలికల పేర్లు ఒకే బరువు కింద రాసిన డబ్బాను నేనైతే మా ఇంటికి తీసుకుపోను. ఏది ఎంతుందో తెలియనప్పుడు, ఏది పనిచేసిందో, ఏది పడలేదో ఎట్ల తెలుస్తుంది?

సీసం, పాదరసం, ఆర్సెనిక్ సంగతి ఉత్తి భయం కాదు. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను కొని పరీక్షిస్తే అయిదోవంతు దాకా వాటిలో ఈ లోహాలు దొరికాయని 2008లో అమెరికన్ వైద్య పత్రిక ఒకటి ప్రచురించింది. భస్మం (లోహాన్నో ఖనిజాన్నో కాల్చి చేసిన పొడి) కలిసిన మందును, లేబుల్ లేని పొట్లాన్ని, ‘మా గురువుగారు స్వయంగా నూరింది’ అనే గుళికను పక్కన పెట్టడం మంచిది.

‘శేషాచలం కొండల్లో దొరికిన అసలు బ్రాహ్మి’ అని ఎవరన్నా అంటే నవ్వి ముందుకు పోండి. నీటి బ్రాహ్మి చెరువు గట్టునా కాలవ ఒడ్డునా తడి నేలలో పెరిగే మొక్క. పైగా శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, అక్కడ అనుమతి లేకుండా మొక్క పీకడం నేరం.

సలహా కావాలంటే టీటీడీ 1983లో మొదలుపెట్టిన శ్రీవేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఆస్పత్రి ఊళ్లోనే ఉంది. చంద్రగిరి పక్కన నరసింగాపురంలో టీటీడీ సొంత ఆయుర్వేద ఫార్మసీ కూడా నడుస్తోంది. చదువుకున్న వైద్యుడు నాడి చూసి, మీ సంచి చూసి, ఏది వద్దో చెప్పడమే అక్కడ అసలు లాభం.

సారస్వతారిష్టం కొనేవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. అరిష్టం అంటేనే పులియబెట్టింది, అందులో దానంతట అది పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద 5 నుంచి 10 శాతం అని రాసి ఉంటుంది. తీపి కూడా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, తాగుడు మానేసినవాళ్లు, చిన్నపిల్లలు దాని జోలికి పోకూడదు.

పచ్చి ఆకే కావాలంటే

మార్కెట్లో సరస్వతి ఆకు అప్పుడప్పుడు కట్టలుగా వస్తుంది. కుండీలో వేసుకుంటే ఇంకా మంచిది, తడి ఆరకుండా చూస్తే చాలు, నీడలోనూ బతుకుతుంది. మురుగు కాలవ పక్క కోసిన ఆకు మాత్రం తెచ్చుకోకండి. నీటి బ్రాహ్మి అయితే నీళ్లలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను బాగా పీల్చుకుంటుంది, మురికినీటిని శుభ్రం చేయడానికి పరిశోధకులు ఆ మొక్కను పరీక్షించిందే అందుకు.

గుప్పెడు సరస్వతి ఆకులు ఉప్పు నీళ్లలో వేసి, రెండు మూడు సార్లు జాడించి, తడి ఆరబెట్టండి. చెంచాడు నూనెలో మినప్పప్పు, ఎండుమిరపకాయలు వేయించి తీసి, అదే మూకుడులో ఆకు వేసి వాడేదాకా తిప్పండి. వేయించిన చెనిక్కాయలు గుప్పెడు, కొంచెం చింతపండు, వెల్లుల్లి రెండు రెబ్బలు, ఉప్పు చేర్చి కచ్చాపచ్చాగా నూరుకోండి. సంగటిలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. వారానికి రెండు పూటలు చాలు. పరగడుపున గ్లాసెడు పసరు తాగే పోటీ ఎందుకు?

అయిదో పని: 12 వారాలకు ఒక పద్దు రాయండి

మొదలుపెట్టే రోజునే ఆపే తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఒక్కటే మూలిక, ఒక్కటే కంపెనీ, మధ్యలో ఇంకోటి కలపొద్దు. బకోపా సారమైతే తిన్న తర్వాతే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేస్తే వికారం, కడుపులో నొప్పి, విరేచనాలు కావచ్చు. పాలతోనో, నెయ్యి వేసిన అన్నం తర్వాతో తీసుకోవడం పాత పద్ధతి, కడుపుకూ అది హాయి.

మందు మొదలుపెట్టకముందు రెండు వారాలు ఊరికే గమనించి రాయండి. ఒకే ప్రశ్న రోజుకు ఎన్నిసార్లు అడిగారు, మాత్ర వేసుకున్నానా లేదా అని ఎన్నిసార్లు తడబడ్డారు, పాలవాడి లెక్క సరిగ్గా చెప్పారా, స్టవ్ ఆపడం మరిచారా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. తర్వాత వారానికోసారి ఇవే రాయండి. ‘కొంచెం మేలుగా ఉన్నట్టుంది’ అనేది పద్దులో రాయకూడని మాట. కొనిచ్చిన కొడుక్కి మేలుగా ఉన్నట్టే ఉంటుంది. అందుకే వీలైతే మందు సంగతి తెలియని మనిషితో, ఊరినుంచి వచ్చే కూతురితోనో పక్కింటి ఆమెతోనో అడిగించండి.

ఈలోపు బీపీ, షుగర్ మాత్రలు మానకండి. మూలిక మొదలుపెట్టాం కదా అని అసలు మందు ఆపేసేవాళ్లు ఉన్నారు, దానికి మించిన ప్రమాదం లేదు. రోజూ నడవండి. అలిపిరి మెట్లు 3,550 ఎక్కమనడం లేదు, ఉదయం అరగంట చాలు. చెవి మిషన్ కావాలంటే సిగ్గుపడకుండా పెట్టించండి. ఇవి మొదలుపెట్టి మూలిక కూడా మొదలుపెడితే మార్పు దేనివల్లో తెలియదు కదా అంటారేమో. నిజమే. వరస ఎంచుకోవాల్సి వస్తే నడక, నిద్ర ముందు, మూలిక తర్వాత.

పిల్లల సంగతి

ఇంటర్, నీట్ చదివే పిల్లల తల్లులు పరీక్షల ముందు టానిక్ కోసం వస్తారు. హాస్టల్లో అయిదు గంటల నిద్ర, పొద్దున్నే టిఫిన్ మానేయడం, ఆడపిల్లలయితే రక్తహీనత, సమస్య ఎక్కువసార్లు ఇక్కడే ఉంటుంది. హిమోగ్లోబిన్ చూపించండి, నిద్ర ఏడు గంటలకు పెంచండి. పరీక్ష వారంలో కొత్త మందేదీ మొదలుపెట్టకండి, హాల్లో కూర్చున్నాక కడుపు తిప్పితే చదివింది కూడా రాయలేరు.

12 వారాలయ్యాక

పద్దు ముందు పెట్టుకుని మొదటి రెండు వారాలతో పోల్చండి. తేడా లేకపోతే ఆపేయండి, ‘ఇంకో మూడు నెలలు చూద్దాం’ అని సాగదీయకండి. తేడా ఉందనిపిస్తే నెల రోజులు ఆపి చూడండి. ఆపినా అట్లే ఉంటే అది మందు గొప్ప కాదు. మళ్లీ తగ్గితే, పద్దు తీసుకుని వైద్యుడి దగ్గరికి పోయి కొనసాగించాలా అని అడగండి. పద్దు ఎట్లున్నా మరుపు ముదురుతూ ఉంటే న్యూరాలజీకి పోవడం వాయిదా వేయొద్దు.

మధ్యలో దద్దుర్లు, కళ్లు పచ్చబడటం, గుండె దడ, కళ్లు తిరగడం లాంటివి వస్తే సీసా, బిల్లు రెండూ తీసుకుని ఆస్పత్రికి పోండి. బ్యాచ్ నంబరు అక్కడ కావాల్సి వస్తుంది. ఆయుర్వేద మందుల దుష్ఫలితాలను కేంద్ర ఆయుష్ శాఖ ఆయుష్ సురక్ష పేరుతో నమోదు చేస్తోంది, ఆయుర్వేద ఆస్పత్రిలో అడిగితే ఎట్ల రాసివ్వాలో చెబుతారు. సీసాలో మిగిలింది పక్కింటి పెద్దాయనకు ఇచ్చేయకండి. ఆయన సంచిలో ఏ మాత్రలున్నాయో మీరు చూడలేదు.